ఏటీఎం కార్డంత మందం రేకు ఇంటి కప్పును ఎలా మోసింది? హెడర్ కథ

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలు అంటారు. ఈ ఎపిసోడ్‌లో మాత్రం మనం చేయబోయేది అచ్చంగా ఆ పనే. గోడ లోపలికి తొంగిచూసి, ఏ ముక్క ఏ బరువు మోస్తోందో లెక్కపెడదాం.

ఫోన్ మీంచి ఒక్కసారి కళ్లెత్తి మీ గది తలుపు పైన ఉన్న గోడ చూడండి. తలుపు ఉన్న చోట గోడ లేదు. అయినా దాని పైన ఇటుకలున్నాయి, వాటి పైన స్లాబ్ ఉంది, స్లాబ్ మీద బహుశా నీళ్ల ట్యాంక్ కూడా ఉంది. మరి ఆ ఖాళీ మీద ఇంత బరువు ఎలా నిలబడింది? మన మేస్త్రీలు దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్తారు: లింటెల్. ఇల్లు ఎంతవరకు వచ్చిందని అడిగితే "లింటెల్ లెవెల్ దాకా వచ్చిందండీ" అంటారు కదా, అదే. అమెరికాలో ఫ్రేమ్ కట్టి ఇళ్లు వేసేవాళ్లు దాన్నే హెడర్ అంటారు.

ఇవాళ చెప్పబోయేది ఆ హెడర్ కథే. ఇందులో రాయి ఉంది, చెక్క ఉంది, ఒక గుడ్లగూబ ఉంది, ఒక తుఫాను ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా ఒక పల్చటి రేకు ఉంది. ఆ రేకు మోయగలదని ఇంజనీర్లు 1946కే లెక్కలతో చూపించారు. మామూలు బిల్డర్ చేతికి అది సులువుగా అందడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఎందుకు పట్టిందన్నదే నాకు ఇందులో ఆసక్తిగా అనిపించిన విషయం.

గోడకు ఖాళీ పెడితే బరువు ఎటు పోతుంది?

ముందు చిన్న లెక్క వేద్దాం, భయపడకండి.

గోడ పైనుంచి మీటరుకు 600 కిలోల బరువు వస్తోందనుకుందాం. ఇది లెక్క కోసం నేను అనుకున్న అంకె మాత్రమే. కిటికీ వెడల్పు 1.2 మీటర్లు అయితే దాని మీద మొత్తం 720 కిలోలు. కిటికీ గాజు ఆ బరువు మోయదు కాబట్టి పైనున్న హెడర్ దాన్ని పట్టుకుని చెరోవైపు 360 కిలోలు పంచుతుంది. ఇప్పుడు కిటికీని 2.4 మీటర్లు చేశారనుకోండి. మొత్తం 1,440, చెరోవైపు 720. ఇక్కడిదాకా ఖాళీ రెట్టింపైతే బరువూ రెట్టింపైంది, అంతే.

కానీ హెడర్ మధ్యలో వంచే శక్తి ఉంటుంది చూడండి, అది రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. హెడర్ అదే సైజులో ఉంచేస్తే మధ్యలో కిందికి జారే జారుడు ఏకంగా పదహారు రెట్లు. అంటే చిన్న కిటికీ మీద ఒక మిల్లీమీటరు వంగిన ముక్క పెద్ద కిటికీ మీద పదహారు మిల్లీమీటర్లు వంగుతుంది. కిటికీ తలుపు బిగుసుకుపోతుంది, గాజు పగులుతుంది. హెడర్ విరగకపోయినా ఇల్లు పాడైనట్టే.

ఈ లెక్క రాకముందు కూడా మనుషులు ద్వారాలు కట్టారు. గ్రీసులో మైసీనే కోటకు సింహద్వారం ఉంది. క్రీస్తు పూర్వం 1250 ప్రాంతంలో కట్టారు. ద్వారం మీద అడ్డంగా పెట్టిన రాయి ఒక్కటే దాదాపు 20 టన్నులు. దాని పైన రెండు సింహాల శిల్పం ఉన్న త్రికోణం కనిపిస్తుంది. అందరూ శిల్పం చూసి ఫోటో తీసుకుంటారు. దాని వెనక అసలు తెలివి ఏమిటంటే, ద్వారం మీద గోడను త్రికోణంగా ఖాళీ వదిలి, పైబరువు రెండు పక్కలకు జారిపోయేలా చేశారు. ఆ ఖాళీని మూయడానికే తేలికైన శిల్పఫలకం పెట్టారు. రాయిని వంచితే అది సాగదు, పగులుతుంది. అందుకే దాని మీద బరువు పడకుండా తప్పించారు.

దూలం బలం గురించి పద్ధతిగా ఆలోచించి పుస్తకం రాసినవాడు గెలీలియో, 1638లో. చర్చి ఆయన్ను ఇంట్లో నిర్బంధించిన రోజులవి. ఆయన లెక్కలో కొంత తప్పుంది, తర్వాతి తరాలు సరిదిద్దాయి. కానీ ఒక ముక్క మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. దూలం వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. ఎత్తు రెట్టింపు చేస్తే బలం నాలుగు రెట్లు. ప్లాస్టిక్ స్కేలు తీసుకుని పడుకోబెట్టి వంచండి, వంగిపోతుంది. నిలబెట్టి వంచండి, మొండికేస్తుంది. ప్రపంచంలో ప్రతి హెడరూ ఈ నిలబెట్టిన స్కేలే.

చెక్క ఇళ్ల దేశం

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1830లలో షికాగోలో కొత్త రకం ఇళ్లు మొదలయ్యాయి. అంతకుముందు లావుపాటి దూలాలు, వాటికి గాడి కోసి కుసి దిగేసే నేర్పరి వడ్రంగులు కావాల్సి వచ్చేది. ఇప్పుడు రంపపు మిల్లుల్లో కోసిన సన్నటి చెక్కలు, మిషన్ మీద తయారైన చవక మేకులు వచ్చాయి. సన్నటి నిలువు చెక్కలు దగ్గర దగ్గరగా నిలబెట్టి మేకులు కొట్టేస్తే ఇల్లు. పాతకాలపు వడ్రంగులు నవ్వి, గాలికి ఎగిరిపోయే బెలూన్‌లా ఉందని బెలూన్ ఫ్రేమ్ అన్నారని చెప్పుకుంటారు. ఆ పేరే నిలిచిపోయింది. దాని పిల్లలూ మనవలే ఈరోజు డాలస్‌లో, అట్లాంటాలో మన తెలుగువాళ్లు కొనుక్కునే ఇళ్లలో చాలా భాగం.

ఈ ఇళ్లలో హెడర్ చాలా సులువు. రెండు మందపాటి చెక్కలు నిలువుగా జత చేసి, మధ్యలో అర అంగుళం ప్లైవుడ్ పెట్టి మేకులు కొడతారు. ఒక్కో చెక్క మందం ఒకటిన్నర అంగుళం. ఒకటిన్నర, అర, ఒకటిన్నర కలిపితే మూడున్నర. గోడ మందం కూడా సరిగ్గా మూడున్నర అంగుళాలే, అంటే 89 మిల్లీమీటర్లు. రంపం, సుత్తి ఉంటే చాలు, పది నిమిషాల పని. ఈ సులువును గుర్తుపెట్టుకోండి, ఉక్కు కథంతా దీనితో పోటీయే.

చెక్కకు ఒకే పెద్ద జబ్బు, కాలుతుంది. 1871 అక్టోబరులో అదే షికాగో తగలబడింది. దాదాపు 300 మంది చనిపోయారు, లక్ష మంది నిలువ నీడ లేకుండా అయ్యారు. తర్వాత ఊరి నడిబొడ్డున ఇటుక, ఇనుము, ఉక్కు భవనాలు లేచాయి. ఇళ్లు మాత్రం చాలా చోట్ల చెక్కతోనే కొనసాగాయి. ఎందుకంటే వేడి ఇనుమును లావుపాటి రోలర్ల మధ్య నొక్కి తీసిన దూలాలు ఇళ్లకు మరీ బరువు, మరీ ఖరీదు.

ఇక్కడ రేకు రంగంలోకి వచ్చింది.

చల్లగా వంచిన ఉక్కు

ఒక కాగితం తీసుకుని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టండి. కూలిపోతుంది. అదే కాగితాన్ని రెండు అంచులూ పైకి మడిచి కాలువలా చేసి పెట్టండి. మీద పెన్ను పెట్టినా ఆగుతుంది. కాగితం అదే, మడత మారింది. చల్లగా వంచిన ఉక్కు అంటే ఇదే కిటుకు. ఉక్కు రేకును వేడి చేయకుండా, మామూలు ఉష్ణోగ్రత దగ్గరే వరుస రోలర్ల గుండా పంపి ఇంగ్లిష్ సి అక్షరం ఆకారంలో వంచుతారు. వంగిన మూలల్లో ఉక్కు ఇంకొంచెం గట్టిపడుతుంది కూడా.

మందం ఎంతనుకుంటున్నారు? మీ జేబులో ఉన్న ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. బరువు మోసే గోడలకు వాడే రేకుల్లో అన్నిటికంటే పల్చటిది సుమారు 0.84 మిల్లీమీటర్లు. దీన్ని 33 మిల్ అంటారు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. తర్వాతది 43 మిల్, సుమారు 1.1 మిల్లీమీటర్లు. ఆపైన 54, 68, 97. సైట్‌లో కలిసిపోకుండా వీటికి రంగులుంటాయి: 33కి తెలుపు, 43కి పసుపు, 54కి ఆకుపచ్చ, 68కి నారింజ, 97కి ఎరుపు.

వర్జీనియా రాష్ట్రం లించ్‌బర్గ్‌లో ఒక బాప్టిస్ట్ ఆసుపత్రి ఉంది. 1925 ప్రాంతంలో కట్టారు. గోడలు ఇటుకవే కానీ అంతస్తును మోసేవి చల్లగా వంచిన ఉక్కు ముక్కలు. రెండు సి ముక్కలను వీపుకు వీపు ఆనించి జత చేశారు. ఎనభై ఏళ్ల తర్వాత కూడా అవి బరువు మోస్తూనే ఉన్నాయని పరిశీలించిన ఇంజనీర్లు చెప్పారు. రికార్డుల్లో దొరికే తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఈ వీపుకు వీపు జతను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1933లో షికాగోలో ఒక ప్రపంచ ప్రదర్శన జరిగింది, పేరు శతాబ్ద ప్రగతి. అందులో రేపటి ఇళ్లు అంటూ కొన్ని నమూనా ఇళ్లు పెట్టారు. స్ట్రాన్ స్టీల్ అనే కంపెనీ ఇల్లు వాటిలో ఒకటి. వాళ్ల తెలివి చూడండి. ఉక్కు ముక్కలను జతచేసి మధ్యలో వంకర గాడి వదిలారు. దాంట్లో మామూలు మేకు కొడితే గాడిలో వంగి అదే బిగుసుకుంటుంది. అంటే వడ్రంగి చేతిలో సుత్తిని మార్చకుండా ఉక్కును అమ్మాలనుకున్నారు. మార్కెట్‌లో అసలు అడ్డంకి ఎక్కడుందో వాళ్లకు అప్పుడే తెలిసిందని నాకనిపిస్తుంది.

లెక్క లేకపోతే అనుమతి లేదు

ఇంకో అడ్డంకి మున్సిపాలిటీ ఆఫీసుల్లో ఉంది. ఇంత పల్చటి రేకును ఏ లెక్క ప్రకారం ఒప్పుకోవాలి? బిల్డింగ్ కోడ్‌లలో దానికి నియమాలే లేవు. లావు ఉక్కు సూత్రాలు దీనికి పనికిరావు.

ఎందుకు పనికిరావో చెప్తాను. ఖాళీ కూల్‌డ్రింక్ టిన్ను మీద జాగ్రత్తగా బరువు పెడితే మోస్తుంది. పక్కనుంచి వేలితో చిన్నగా నొక్కండి, టక్కున నలిగిపోతుంది. లోహం విరగలేదు, పల్చటి గోడ సొట్టబడింది అంతే. పల్చటి ఉక్కులో భయపడాల్సింది ఈ సొట్టకే. దీన్ని బక్లింగ్ అంటారు.

ఇక్కడ ఒక వింత ఉంది. సొట్టబడగానే అంతా అయిపోలేదు. విమానాల రేకుల మీద పనిచేస్తున్న థియడోర్ వాన్ కార్మాన్ బృందం 1932లో చెప్పిందేమిటంటే, పల్చటి పలక మధ్యలో సొట్టబడ్డాక కూడా అంచుల దగ్గరి భాగం ఇంకా చాలా బరువు మోస్తుంది. అయితే పలక మొత్తం వెడల్పును లెక్కలోకి తీసుకోకుండా, నిజంగా పనిచేస్తున్న అంచుల వెడల్పునే తీసుకుంటే సరి.

ఈ ఆలోచనను ఇళ్ల దాకా తెచ్చినవాడు జార్జ్ వింటర్. వియన్నాలో పుట్టాడు, సోవియట్ యూనియన్‌లో కొన్నేళ్లు పనిచేశాడు, 1938లో అమెరికా చేరాడు. 1939లో అమెరికన్ ఐరన్ అండ్ స్టీల్ ఇన్‌స్టిట్యూట్ డబ్బుతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరీక్షలు మొదలుపెట్టాడు. వరసగా ముక్కలు వంచడం, నొక్కడం, విరగ్గొట్టడం. ఆ పరీక్షల మీద ఆధారపడి 1946లో మొదటి నియమావళి అచ్చయింది. దాని తర్వాత చాలా దేశాలు తమ కోడ్‌లు రాసుకున్నాయి. మన దేశంలో ఐఎస్ 801 అనే కోడ్ ఉంది, 1975 కూర్పు. అందులో అమెరికా నియమావళి ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి.

సరే, లెక్క దొరికింది. ఇక ఇళ్లన్నీ ఉక్కువే అయ్యాయా? అవలేదు.

యుద్ధంలో అమెరికా సైన్యం క్వాన్సెట్ గుడిసెలు కట్టింది. సగం డ్రమ్ము బోర్లించినట్టుండే రేకు షెడ్లు, 1941లో మొదలై లక్షన్నరకు పైగా తయారయ్యాయి. వాటి నిర్మాణం చూస్తే నాకు నవ్వొస్తుంది. బరువంతా వంపు తిరిగిన పక్కటెముకలు మోసి నేలలోకి దింపుతాయి. తలుపులూ కిటికీలూ ఎక్కువగా రెండు చివరల ఉన్న చదును గోడల్లో ఉంటాయి. ఆ గోడలు కప్పు మోయవు. అంటే హెడర్ సమస్యను పరిష్కరించలేదు, పక్కకు తప్పుకున్నారు.

యుద్ధం తర్వాత కార్ల్ స్ట్రాండ్‌లండ్ అనే ఆయన లస్ట్రాన్ ఇళ్లు తయారుచేశాడు. ఉక్కు ఫ్రేము, మీద పింగాణీ పూత పూసిన ఉక్కు పలకలు. ప్రభుత్వం 3 కోట్ల 75 లక్షల డాలర్ల అప్పు ఇచ్చింది. దాదాపు 2,500 ఇళ్లు తయారయ్యాక 1950లో కంపెనీ దివాలా తీసింది. ఆ ఇళ్లు కొన్ని ఈరోజుకీ ఉన్నాయి, తుప్పు పట్టలేదు. ఉక్కు బాగానే ఉంది, ఖర్చూ పద్ధతీ నిలబడలేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో కోడ్, ఫ్యాక్టరీలో వేల ముక్కలు, సైట్‌లో ప్రత్యేకంగా నేర్చుకున్న మనుషులు. పక్క ప్లాటులో వడ్రంగి రంపం, సుత్తితో కట్టేస్తున్నాడు.

గుడ్లగూబ, తుఫాను, భూకంపం

నలభై ఏళ్లు ముందుకు వెళ్దాం. 1990లో అమెరికా ప్రభుత్వం ఉత్తర చుక్కల గుడ్లగూబను ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. అది వాయవ్య రాష్ట్రాల పాత అడవుల్లో బతుకుతుంది. కోర్టు ఉత్తర్వులతో అక్కడి ప్రభుత్వ అడవుల్లో చెట్లు కొట్టడం బాగా తగ్గింది. మరికొన్ని కారణాలూ తోడై 1992, 93లలో కలప ధర ఒక్కసారిగా పైకి లేచింది. బిల్డర్లు బెంబేలెత్తారు.

1992 ఆగస్టు 24న ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాను చీల్చేసింది. 1994 జనవరి 17న కాలిఫోర్నియాలో నార్త్‌రిడ్జ్ భూకంపం. ఇల్లు దేనితో కట్టాం, ముక్కలను ఎలా కలిపాం అన్న ప్రశ్న దేశమంతా మార్మోగింది. ఉక్కుకు మళ్లీ తలుపు తెరుచుకుంది.

ఈసారి తెలివిగా అడుగేశారు. వింటర్ నియమావళి ఇంజనీర్లది, మామూలు బిల్డర్ దాన్ని చదవలేడు. ఒక్కో ఇంటికి ఇంజనీరును పెట్టుకుంటే చెక్కతో పోటీ ఎక్కడ? అందుకే గృహనిర్మాణ శాఖ, ఉక్కు సంస్థ, బిల్డర్ల సంఘం పరిశోధనా కేంద్రం కలిసి 1996లో ఒక పుస్తకం తెచ్చాయి. అందులో పట్టికలుంటాయి. మీ ఇంటి వెడల్పు ఇంత, మంచు బరువు ఇంత, గాలి వేగం ఇంత, కిటికీ ఇంత అయితే ఈ హెడర్ పెట్టు, పక్కన ఇన్ని స్తంభాలు పెట్టు అని. 2000లో వచ్చిన ఇళ్ల కోడ్‌లో కూడా ఉక్కు ఫ్రేమింగ్‌కు చోటు దొరికింది. 2001లో హెడర్ డిజైన్‌కు ఏకంగా ఒక ప్రత్యేక ప్రమాణమే వచ్చింది. తలుపు మీది ఒక్క ముక్క కోసం ఒక ప్రమాణం, ఆలోచించండి. 2015లో దాన్ని మిగతా ఫ్రేమింగ్ ప్రమాణాలతో కలిపేశారు.

హెడర్ ఎలా కూరుస్తారు?

ఇప్పుడు గోడ లోపలికి వెళ్దాం. నిలువు ముక్కల్ని స్టడ్‌లంటారు. కింద పైన అడ్డంగా పరిచే కాలువలాంటి ముక్క ట్రాక్. కిటికీ ఖాళీకి రెండు పక్కలా నేల నుంచి పై ట్రాక్ దాకా పూర్తి ఎత్తు నిలబడేది కింగ్ స్టడ్. దాన్ని ఆనుకుని, హెడర్ కింది దాకా మాత్రమే ఉండి బరువును భుజానికెత్తుకునేది జాక్ స్టడ్. కారు కింద జాకీ పెట్టినట్టే. హెడర్ పైనా, కిటికీ కిందా ఉండే పొట్టి ముక్కలు క్రిపుల్ స్టడ్‌లు. మన పూరింట్లో నిట్రాడు, దూలం, వాసం అని ఒక్కోదానికి పేరున్నట్టే వీటికీ పేర్లున్నాయి.

జాక్ పైనుంచి వచ్చే బరువు మోస్తుంది. కింగ్‌కు మరో పని ఉంది. కిటికీ మీద కొట్టిన గాలి పక్కకు తోస్తుంది కదా, ఆ తోపును కింగ్ పట్టుకోవాలి. అందుకే ఖాళీ వెడల్పయ్యే కొద్దీ జాక్‌లతో పాటు కింగ్‌ల సంఖ్యా పెరుగుతుంది. బరువు గురించే ఆలోచించి గాలిని మర్చిపోతే గోడ లోపలికి ఊగుతుంది.

హెడర్‌లో పాత పద్ధతులు రెండు. మొదటిది బాక్స్ హెడర్. రెండు సి ముక్కలను తెరిచిన వైపు ఎదురెదురుగా పెట్టి, పైనా కిందా ట్రాక్‌తో మూసి స్క్రూలు బిగిస్తారు. రెండోది లించ్‌బర్గ్ ఆసుపత్రిలో చూసిన వీపుకు వీపు జత. బాక్స్‌కు ఒక లాభం ఉంది. పైనున్న కప్పు దూలం ఒక్క చోట ఆని నొక్కితే పల్చటి రేకు అక్కడ నలుగుతుంది, ఇందాకటి టిన్ను లాగే. దీన్ని వెబ్ క్రిప్లింగ్ అంటారు. బాక్స్‌గా మూసినప్పుడు ఈ నలుగుడును ఒంటరి ముక్క కంటే బాగా తట్టుకుంటుందని పరీక్షల్లో తేలింది, ప్రమాణం ఆ అదనపు బలాన్ని ఒప్పుకుంది.

బాక్స్‌తో ఒక చిక్కు కూడా ఉంది. ఉక్కు చలిని ఇంట్లోకి సులువుగా మోసుకొస్తుంది. అందుకే గోడల్లో దూదిలాంటి ఇన్సులేషన్ కూరతారు. బాక్స్ ఒకసారి మూసేశాక లోపల ఏమీ కూరలేరు. మూయకముందే పెట్టాలి. తొందరలో ఎవరైనా మర్చిపోతే ప్రతి చలికాలం ఆ కిటికీ మీద గోడ చల్లగా ఉంటుంది, తడి చేరుతుంది. వీపుకు వీపు జత తెరిచే ఉంటుంది కాబట్టి తర్వాత కూడా కూరవచ్చు. ఇలాంటి చిన్న విషయమే సైట్‌లో ఏది వాడాలో తేలుస్తుంది.

ఇంకో నియమం. ఉక్కు గోడ పైనున్న ట్రాక్ పల్చన, దూలంలా పనిచేయదు. అందుకే పైనున్న కప్పు ముక్క కింద స్టడ్ మీదికే సరిగ్గా రావాలి. ఒకదాని గీత మీద ఇంకోటి ఉండాలి, పట్టికల ప్రకారం తేడా 19 మిల్లీమీటర్ల లోపే. చెక్కగోడలో పై చెక్కలు రెండు పొరలుంటాయి, కాస్త పక్కకు పడినా ఓర్చుకుంటాయి. రేకు అలా ఓర్చుకోదు.

ఎల్ ఆకారం చేసిన పని

ఇప్పుడు లెక్కపెట్టండి. బాక్స్ హెడర్‌కు రెండు సి ముక్కలు, రెండు ట్రాక్‌లు, చివర క్లిప్‌లు, బోలెడు స్క్రూలు. చెక్కవాడిది పది నిమిషాల పని. నా ఉద్దేశంలో ఉక్కు ఇల్లు ఓడిపోతున్న చోట్లలో ఇదొకటి. మామూలు గోడ ఇద్దరూ ఇంచుమించు ఒకే వేగంతో లేపుతారు. ప్రతి తలుపు దగ్గరా, ప్రతి కిటికీ దగ్గరా ఉక్కువాడు వెనకబడతాడు.

1990ల చివర్లో మేరీల్యాండ్‌లోని అప్పర్ మార్ల్‌బరోలో బిల్డర్ల పరిశోధనా కేంద్రం ఒక సాదా ముక్కను పరీక్షించింది. ఎల్ అక్షరంలా వంచిన రేకు. పొట్టి కాలు పై ట్రాక్ మీద కూర్చుంటుంది, పొడుగు కాలు గోడ ముఖం మీద కిందికి వేలాడుతుంది. పొట్టి స్టడ్‌లకు స్క్రూలు బిగిస్తారు. ఇటొకటి అటొకటి పెడితే డబుల్ ఎల్ హెడర్. చిన్న ఖాళీకి ఒక్కటి కూడా చాలు. లోపలంతా ఖాళీ, ఇన్సులేషన్ హాయిగా పడుతుంది. ముక్కలు తక్కువ, సమయం తక్కువ.

కానీ పరీక్షలు ఇంకో సంగతీ బయటపెట్టాయి. పైనుంచి బరువు నొక్కినప్పుడు ఎల్ పైభాగం నలగడానికి చూస్తుంది. అక్కడ మడత ఉంది, ట్రాక్ ఉంది, గట్టిగా నిలబడుతుంది. తుఫాను గాలి కప్పును పైకి లేపినప్పుడు అంతా తలకిందులు. ఇప్పుడు నలిగేది కింది అంచు. అక్కడ మడత లేదు, పట్టుకునేది ఏదీ లేదు. అందుకే డబుల్ ఎల్ హెడర్ పైకి లాగే గాలిని తట్టుకునే బలాన్ని, కిందికి నొక్కే బరువును మోసే బలంలో నాలుగో వంతుగా, ఇంకా పల్చగా పొడుగ్గా ఉంటే ఐదో వంతుగా మాత్రమే తీసుకోమని ప్రమాణం చెప్పింది. కావాలంటే కింద ఇంకో ఎల్‌ను తిరగేసి పెట్టుకోవచ్చు.

ఆండ్రూ తుఫాను తర్వాత ఇది చిన్న విషయం కాదు. గాలి కప్పును ఎత్తేస్తుందని కళ్లారా చూసిన దేశం, చవకగా సులువుగా దొరికిన ముక్కను కూడా తలకిందులు చేసి పరీక్షించింది. ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. కొత్త వస్తువును మెచ్చుకోవడానికి ముందు దాన్ని రెండు వైపులా విరగ్గొట్టి చూశారు.

మరి మనకేంటి?

ఈరోజు కూడా అమెరికాలో మామూలు ఇళ్లు ఎక్కువగా చెక్కవే. ఉక్కు ఫ్రేమ్ హోటళ్లలో, ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో బాగా పాతుకుపోయింది. మన దేశంలో దీన్ని ఎల్‌జీఎస్ఎఫ్ అంటున్నారు. 2021 జనవరి 1న ఆరు నగరాల్లో మొదలుపెట్టిన లైట్ హౌస్ ప్రాజెక్టుల్లో అగర్తలాది ఈ పల్చటి ఉక్కు ఫ్రేముదే. మీలో సివిల్ చదువుతున్నవాళ్లకు రేపు ఇది చేతికి రావచ్చు. అప్పుడు బరువు లెక్క ఒక్కటే వేసి వదిలేయకండి. గాలి ఎటు లాగుతుందో, స్క్రూ ఎవరు బిగిస్తారో కూడా చూడండి.

సివిల్ చదవని వాళ్లకు కూడా ఒక మాట. మన ఊళ్లలో రోడ్డు పక్క పాత ఇళ్లు చూశారా? కింది గది షాపుకు అద్దెకిద్దామని ముందు గోడ పగలగొట్టి షట్టర్ పెడతారు. మూడడుగుల తలుపు స్థానంలో పదడుగుల ఖాళీ. పిల్లర్లు లేని ఇంట్లో ఆ గోడే పైనున్న స్లాబును మోస్తోంది. ఇందాకటి లెక్క గుర్తుందా? ఖాళీ రెట్టింపైతే వంచే శక్తి నాలుగు రెట్లు. మూడు రెట్లు దాటితే తొమ్మిది రెట్లకు పైన. ఆ పాత లింటెల్ ఎక్కడికీ చాలదు. అక్కడ కొత్త దూలం పడాలి, దాని రెండు చివరలకు ఆధారం పడాలి, ఆ ఆధారం కింద పునాది ఉండాలి. పగలగొట్టేటప్పుడు పైన జాకీలు పెట్టి ఆపాలి. అమెరికాలో ఓపెన్ కిచెన్ కోసం మధ్య గోడ తీయిస్తున్న మన బంధువులకూ ఇదే వర్తిస్తుంది. గోడ మీద సుత్తి పడకముందే ఇది దేన్ని మోస్తోందని ఇంజనీరును అడగండి. ఆ ఫీజు, కూలిన స్లాబుతో పోలిస్తే ఏపాటిది?

ఉక్కు హెడర్ పూర్తయ్యాక మీద జిప్సం బోర్డు కొట్టి పెయింట్ వేసేస్తారు. ఇంట్లో ఉన్నవాళ్లు జీవితంలో దాన్ని చూడరు. మైసీనే రాయి మూడు వేల రెండు వందల ఏళ్లుగా అందరికీ కనిపిస్తోంది, ఈ రేకు పని మొదలైన రోజే కనుమరుగవుతుంది. రెండూ చేసేది ఒకటే పని. మనం కిందనుంచి తల వంచకుండా నడిచి వెళ్లేలా చూడటం.

మీ ఊళ్లో తలుపు మీద రాతి దూలం ఉన్న పాత ఇల్లో, గుడో ఉంటే దాని పేరు కామెంట్లలో రాయండి. పాత ఇంటి గోడ తీయించాలనుకుంటున్న వాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ ఎపిసోడ్ ముందు వాళ్లకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.